తోట ముచ్చట్లు: పడమటి గాలికి బందారు అడ్డు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గాలి గురించే ఉన్నాయి. అచ్చంపేట దగ్గర మా నర్సరీలో పండ్ల మొక్కల కంటే కంచె మొక్కలే ఎక్కువ పెంచుతాం. అందుకే ఈ ప్రశ్నలంటే నాకు ఇష్టం. దేవరకొండ వైపు నుంచి వచ్చిన మొదటి ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను. అందులో చాలామంది రైతుల కష్టం ఉంది.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ దగ్గరి పల్లె. నాలుగెకరాల ఎర్ర చెల్కలో బత్తాయి పెట్టాం, ఇది ఆరో ఏడు. పక్కన ఎకరం నిమ్మ ఉంది. పడమర దిక్కు అంతా బోడు, ఒక్క చెట్టు లేదు. మృగశిర కార్తె రాగానే మొదలైన గాలి ఆగస్టు దాకా వదలదు. లేత చిగుళ్లు చిరిగిపోతున్నాయి. కాయలు ముళ్లకు, కొమ్మలకు రాసుకుని మచ్చలు పడుతున్నాయి, మార్కెట్లో రేటు తగ్గిస్తున్నారు. ఒకాయన సిమెంటు పలకల గోడ కట్టుకోమన్నాడు. మొక్కలమ్మే ఆయన కోనోకార్పస్ పెడితే ఏడాదిలో గోడలా లేస్తుందన్నాడు. బోరులో నీళ్లు ఒకటిన్నర అంగుళమే. ఊళ్లో మేకలు ఎక్కువ. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, గోడా వద్దు, కోనోకార్పసూ వద్దు. బందారు పెట్టండి, దాని వెనక కానుగ పెట్టండి.

బందారును మీరు చూసే ఉంటారు. కొన్ని ఊళ్లలో పుల్లేన అంటారు. గుట్టల మీద, రాళ్ల సందుల్లో, జానెడు మట్టి కూడా లేని చోట గుబురుగా పచ్చగా నిలబడి ఉంటుంది. ఆకు సన్నగా, పొడుగ్గా ఉండి మెరుస్తుంది. నాలుగాకులు తుంచి వేళ్ల మధ్య నలిపితే జిగురు అంటుకుంటుంది. ఎండకు, వేడిగాలికి ఆకులోని తేమ పోకుండా కాపాడేది ఆ జిగురు పూతే. మేకలు దాని జోలికి రానిది కూడా అందుకే. కుంకుడు చెట్టు కుటుంబానికి చెందిన మొక్క ఇది. మన దగ్గరే కాకుండా ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, పసిఫిక్ దీవుల్లో కూడా తనంతట తానే పెరుగుతుంది. ఏ గాలీ పడగొట్టలేని బందారును నేను అని హవాయి దీవుల వాళ్లకు ఒక సామెతే ఉంది. సముద్రపు గాలిని తట్టుకునే మొక్కకు మీ పడమటి గాలి ఒక లెక్క కాదు.

ఇక గోడ సంగతి. గోడ ఎదురైతే గాలి ఆగదు. పైకి లేచి, గోడ దాటి, అవతల సుడి తిరుగుతూ దిగుతుంది. గోడను ఆనుకున్న ఒకటి రెండు వరుసలు బాగానే ఉంటాయి, ఆ తర్వాతి వరుసల కొమ్మలను ఆ సుడి విరిచేస్తుంది. లక్షలు పోసి ఆ సుడిని తెచ్చుకోవడం ఎందుకు? తోటకు గాలి ఆగనక్కర్లేదు, దాని వేగం తగ్గితే చాలు. జల్లెడ పట్టినట్టు సగం గాలి మొక్కల మధ్య నుంచి లోపలికి రావాలి. నూటికి 40 నుంచి 50 వంతుల సందులున్న మొక్కల వరుస నిండు గోడ కంటే ఎక్కువ దూరం కాపాడుతుంది. రెండు వరుసల బందారుకు ఆ సందులు వాటంతటవే ఉంటాయి.

ఎంత దూరం కాపాడుతుందనేది వరుస ఎత్తును బట్టి ఉంటుంది. ఎత్తుకు పది నుంచి పదిహేను రెట్ల దూరం దాకా గాలి బాగా తగ్గుతుంది. బందారు పదడుగులు లేచిందనుకుందాం. 100 నుంచి 150 అడుగులు కాపాడుతుంది. మీరు 20 అడుగుల ఎడంలో బత్తాయి పెట్టి ఉంటే అయిదు నుంచి ఏడు వరుసలకు సరిపోతుంది. నాలుగెకరాల చెల్క చదరంగా ఉంటే ఒక్కో పక్క 417 అడుగుల దాకా వస్తుంది. కాబట్టి తోట మొత్తానికి బందారు ఒక్కటే చాలదు. పాతిక అడుగులు పెరిగిన కానుగ వరుస 250 అడుగుల పైనే కాస్తుంది. మిగిలిన భాగానికి తోట మధ్యలో, బండి దారి పక్కన ఇంకో బందారు వరుస వేసుకోండి.

కానుగ ఒక్కటే పెడితే సరిపోదా అని అడుగుతారేమో. సరిపోదు. చెట్టు పెరిగే కొద్దీ కింద మొదళ్లు బోసిపోతాయి. మొదళ్ల మధ్య ఇరుకు సందుల్లో గాలి ఇంకా జోరు అందుకుని నేల మీదుగా కొడుతుంది. పైన చెట్లు బ్రహ్మాండంగా ఉంటాయి, కింద తోట చెదిరిపోతుంది. గెట్టు మీద పెద్ద చెట్లుండి కూడా గాలికి దెబ్బతింటున్న తోటలు నేను చాలా చూశాను. ఆ కింది సందును మూసేది బందారే. అది మొదలు దగ్గర నుంచే కొమ్మలు వేస్తుంది.

పడమర గెట్టుకు బయటి వైపు కానుగ పెట్టండి, పదిహేను అడుగులకు ఒకటి. దానికి లోపల ఆరేడడుగులు వదిలి బందారు రెండు వరుసలు రావాలి. మొక్కకు మొక్కకు మూడడుగులు, వరుసకు వరుసకు నాలుగైదు అడుగులు ఉండాలి. రెండో వరుస మొక్క మొదటి వరుస సందుకు ఎదురుగా పడాలి. వానాకాలపు గాలి నైరుతి నుంచి కూడా వస్తుంది కాబట్టి ఆ మూల దగ్గర వరుసను మలిపి దక్షిణం గెట్టు మీద కొంత దూరం లాగండి. వరుస ఎక్కడ ఆగిపోతే అక్కడ గాలి పక్క నుంచి తిరిగి లోపలికి దూరుతుంది. ట్రాక్టరు కోసం పడమర వైపు సందు వదలకండి. గాలంతా ఆ సందులోనే దూసుకొస్తుంది. దారి తూర్పునో ఉత్తరానో పెట్టుకోండి.

బందారుకు, మొదటి బత్తాయి వరుసకు మధ్య పదిహేను అడుగుల ఖాళీ ఉంచండి. ఆ ఖాళీలో గెట్టు పొడవునా రెండు మూడు అడుగుల లోతు కందకం తీయించండి. కానుగ వేర్లు మీ డ్రిప్పు నీళ్ల కోసం లోపలికి రాకుండా అది అడ్డుకుంటుంది. వాన పడితే ఆ కందకంలో నిలిచిన నీరు నేలలోకి ఇంకుతుంది. మన దగ్గర కురిసేదే ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు, అందులో ఒక చుక్క కూడా గెట్టు దాటి పోకూడదు.

తొలకరి తర్వాత రెండు మంచి వానలు పడ్డాక నాటండి. అడుగు లోతు గుంత, దోసెడు పశువుల ఎరువు చాలు. మొదటి ఎండాకాలం పది రోజులకోసారి ఒక్కో మొక్కకు బిందెడు నీళ్లు పోయండి. రెండో ఏడు నుంచి దాని మానాన దాన్ని వదిలేయండి. డ్రిప్పు లైను దానికి మాత్రం ఇవ్వకండి. నీళ్లు ఎక్కువైతే కొమ్మలు మెత్తగా సాగి గాలికి ఒరిగిపోతాయి. నీళ్లు నిలిచే పల్లంలో అసలే వేయకండి, కరువును తట్టుకునే బందారు బురదను తట్టుకోలేదు. చెల్కలో రెండు మూడేళ్లకు మనిషెత్తు దాటుతుంది. మోకాలెత్తు ఉన్నప్పుడే ఒకసారి కొసలు తుంచితే పక్క కొమ్మలు బాగా వేసి కింద గుబురవుతుంది. ముదిరిన మొద్దుల దాకా నరికితే మళ్లీ చిగురు సరిగా రాకపోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఆ జిగురు వల్ల బందారు పచ్చిగా ఉన్నా మండుతుంది. వరుస కింద ఎండు గడ్డి చేరనివ్వకండి, గెట్ల మీద గడ్డి తగలబెట్టే అలవాటుంటే ఇవాళే మానేయండి.

మీరు అడగలేదు గానీ నిమ్మ గురించి కూడా చెప్పాలి. నిమ్మకు వచ్చే గజ్జి తెగులు ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. గాలితో కలిసి కొట్టే వాన జల్లు దాన్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసుకుపోతుంది. ముళ్లు గీరుకున్న గాయాల్లోంచి, ఆకుల సన్న రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. గాలి తగ్గితే గాయాలు తగ్గుతాయి, గజ్జి కూడా తగ్గుతుంది. మందు కొట్టడం మానేయమని కాదు, కొట్టిన మందు పనిచేస్తుందని చెప్తున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారం, వడగండ్ల విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. అవి ఏ దిక్కు నుంచి వస్తాయో చెప్పలేం. ఏ మొక్కల వరుసా వాటిని పూర్తిగా ఆపదు.

కోనోకార్పస్ తొందరగా లేచే మాట నిజమే. నీళ్ల కోసం దాని వేర్లు ఎంత దూరమైనా పోతాయి, పైపులను, మోరీలను కూడా వదలవు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని ఆపేసింది. మన రాష్ట్రంలో కూడా హరితహారం మొక్కల్లోంచి దాన్ని పక్కన పెట్టారు. ఒకటిన్నర అంగుళం బోరు మీద బతుకుతున్న బత్తాయి పక్కన దాన్ని ఎవరు పెట్టమన్నా వినకండి.

ప్రశ్న: మేడమ్, నేను కొల్లాపూర్ దగ్గర బడిలో టీచర్ని. బడి చుట్టూ పెట్టడానికి గుట్ట మీద నుంచి బందారు కాయలు తెచ్చి పిల్లలతో కవర్లలో వేయించాను. నెల దాటింది, ఒక్కటి కూడా మొలవలేదు. గింజలు చచ్చిపోయినట్టేనా?

జవాబు: సార్, చాలావరకు బతికే ఉంటాయి. బందారు గింజ పైపెంకు గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. దాన్ని కాస్త మెత్తబరచాలి, అంతే.

కాయను పిల్లలకు చూపించండి. కాగితంలా పలచగా ఉంటుంది, మూడు రెక్కలు ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు లేత ఆకుపచ్చ, ఎండే కొద్దీ కొంచెం ఎరుపు, తర్వాత గడ్డి రంగు. గడ్డి రంగు వచ్చి, చేత్తో పట్టుకుంటే గలగలమన్నప్పుడే కోయాలి. ఒకట్రెండు రోజులు నీడలో ఆరబెట్టి, గోనె సంచిలో వేసి అరచేతులతో నలపండి. చాటలో పోసి చెరిగితే రెక్కలన్నీ ఎగిరిపోయి నల్లటి గింజలు మిగులుతాయి. ఆవగింజ కంటే కొంచెం పెద్దవి.

నీళ్లు తెర్లబెట్టి, పొయ్యి మీద నుంచి దించి, బుడగలు ఆగాక గింజల మీద పోయండి. పొయ్యి మీద ఉడికించకూడదు. అదే నీళ్లలో చల్లారి రాత్రంతా నాననివ్వండి. పొద్దున చూస్తే కొన్ని గింజలు ఉబ్బి ఉంటాయి. వాటిని ఏరి విత్తుకోండి. ఉబ్బని వాటికి మళ్లీ వేడినీళ్లు పోయండి. ఈ వేడినీళ్ల పని పిల్లలతో చేయించకండి, మీరే చేయండి.

కవర్లో ఎర్రమట్టి రెండు వంతులు, ఇసుక ఒక వంతు, చివికిన ఎరువు ఒక వంతు కలపండి. గింజ మందం కంటే లోతుగా పెట్టొద్దు. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. నీళ్లు చిలకరించాలి, పోయకూడదు.

ఇంకో మాట. బందారులో చాలావరకు మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కాయలు లేని మొక్కను చూసి అది జబ్బు మొక్క అని పిల్లలు అనుకోకుండా చెప్పండి. పూలకు రేకులుండవు, పుప్పొడిని గాలే మోస్తుంది.

ప్రశ్న: అక్కా, మహబూబ్‌నగర్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ముందు రోడ్డు ఇంకా మట్టిదే, దుమ్మంతా హాల్లోకి వస్తోంది. ప్రహరీ లోపల పచ్చటి వరుస కావాలి, నీళ్లు తక్కువ పోసేది. అందరూ గన్నేరు పెట్టమంటున్నారు. పిల్లలు చిన్నవాళ్లు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లే, మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. గన్నేరులో ఆకు, పువ్వు, పుల్ల అన్నీ విషమే. హైవే డివైడర్ల మీద దాన్ని పెంచుతారు, అక్కడ బాగానే ఉంటుంది. పాకే పిల్లలున్న ఇంట్లో వద్దు. కత్తిరించిన కొమ్మలు బయట పడేస్తే ఆవులకు కూడా ప్రమాదమే.

బందారునే అడుగున్నరకు ఒకటి చొప్పున ఒకే వరుసలో పెట్టండి. గోడ నుంచి రెండడుగులు ఎడం ఉండాలి. భుజమెత్తు రాగానే పై కొసలు, పక్క కొసలు ఏడాదికి రెండు మూడుసార్లు కత్తిరిస్తే చదునుగా, అందంగా తయారవుతుంది. దుమ్ము ఆ జిగురాకుల మీద పడి అక్కడే ఆగిపోతుంది. వారానికోసారి పైపుతో ఆకులు కడిగితే చాలు.

ఒక పక్క గోరింటాకు వేసుకోండి. అదీ నీళ్లు అడగదు, ఆషాఢంలో వాడకట్టు ఆడపిల్లలంతా మీ ఇంటికే వస్తారు. వెనక పక్క ఒక వావిలి కొమ్మ గుచ్చండి. వానాకాలంలో వేలు లావు కొమ్మను అడుగు పొడవు కోసి సగం పూడ్చితే వేరు పడుతుంది. వినాయక చవితి పత్రిలో సింధువారం అంటే ఈ వావిలే. ఎండిన ఆకును పప్పుల డబ్బాలో వేస్తే పురుగు తక్కువ పడుతుంది.

ప్రశ్న: మేకలు తినని మొక్కను గెట్టు మీద పెంచి ఏం లాభం? సుబాబుల్ పెడితే మేతైనా వస్తుంది కదా? (మక్తల్ నుంచి ఒక రైతన్న)

జవాబు: అన్నా, మేకలు తినకపోవడమే గెట్టుకు లాభం. తినే మొక్కను మొదటి ఏడే కొరికేస్తే అది పైకి లేవదు, మీకు మేతా రాదు, గాలికి అడ్డూ ఉండదు. బయట బందారు లేవనివ్వండి, దాని చాటున లోపల సుబాబుల్‌నో, అవిశెనో మేతకు పెట్టుకోండి. రాళ్ల చెల్క అయితే బాలానగర్ సీతాఫలం కూడా వరుసలో కలపండి. దాని ఆకు కూడా మేకలు ముట్టవు, పైగా దసరా నాటికి పండ్లు. గెట్టు మీద సర్కారు తుమ్మ మాత్రం ఉంచకండి. ఒకసారి పాతుకుంటే అది గెట్టు దిగి చేనంతా పాకుతుంది.

ప్రశ్న: మా నాయనమ్మ కాలు బెణికితే బందారాకు వేడిచేసి కట్టేది. ఇప్పుడు మా అబ్బాయి బండి మీద నుంచి పడి మోచేయి వాచింది. కట్టొచ్చా?

జవాబు: ముందు ఎక్స్‌రే తీయించండి అమ్మా. బందారాకు కట్టే అలవాటు చాలా ఊళ్లలో ఉంది, బెణుకు వాపుకు పెద్దవాళ్లు కట్టారు. ఎముక విరిగిందా లేదా అన్నది ఆకు చెప్పదు. పిల్లవాడి మోచేయి విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి.

ప్రశ్న: నకిరేకల్ నుంచి రాస్తున్నాను. బతుకమ్మకు తంగేడు పువ్వు కోసం ఏటా దూరం పోవాల్సి వస్తోంది. దగ్గరున్న గుట్టలన్నీ ప్లాట్లయ్యాయి. మా నిమ్మతోట గెట్టు మీద తంగేడు పెంచుకోవచ్చా?

జవాబు: తప్పకుండా పెంచండి. మన రాష్ట్ర పుష్పం మన గెట్ల మీద లేకపోతే ఎక్కడుంటుంది? నీళ్లు లేకున్నా బతుకుతుంది, పశువులు పెద్దగా ముట్టవు. ఎత్తు తక్కువ కాబట్టి అది ఒక్కటే గాలికి చాలదు. బందారు వరుసకు బయటి వైపు, నేలను ఆనుకుని వచ్చే గాలికి మొదటి అడ్డుగా వేసుకోండి. కొమ్మలు కత్తిరించి నిమ్మ పాదుల్లో పచ్చిరొట్టగా వేయొచ్చు కూడా.

నర్సరీకి పోనక్కర్లేదు. ఎండిన కాయలు తెచ్చి గింజలు తీయండి. వీటి పెంకు కూడా గట్టిదే. గరుకు బండ మీద కాస్త రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. తొలకరి తడికి గెట్టు మీద రెండడుగులకు ఒకచోట మూడేసి గింజలు పెట్టి, మొలిచాక బలమైన ఒక్కదాన్ని ఉంచండి. బతుకమ్మకు కోసేటప్పుడు ప్రతి చెట్టుకు నాలుగైదు గుత్తులు వదలండి. అవి కాయలయితే వచ్చే ఏడు పక్క గెట్టుకు కూడా గింజలు మీ దగ్గరే ఉంటాయి.